జీడి రంగు విల్లీస్

2025 అక్టోబరు 5, ఆదివారం

చర్చి నుంచి రాగానే విల్లీస్ బాడీకి ప్రైమర్ కొట్టాను. ఈసారి ఒక్క బుడగ కూడా రాలేదు. 1941 మోడల్ కూపేకి ప్లాస్టిక్ నమూనా, అసలు కారులో ఇరవై అయిదో వంతు, నా అరచెయ్యంత పొడవు. దీన్ని గ్యాసర్ చేస్తున్నాను.

గ్యాసర్ అంటే ఏమిటని నిన్న ఫ్లెక్సీ షాపులో ఢిల్లేశ్వరరావు మళ్లీ అడిగాడు. వాడు ఓనరు, నేను డిజైనర్ని, అయినా బావా అనే పిలుస్తాడు. అరవైల్లో అమెరికా కుర్రాళ్లు పాత కార్లు కొని, ముందు భాగం పైకెత్తి, బానెట్లో పట్టనంత ఇంజను పెట్టి, పావు మైలు తిన్నని రోడ్డు మీద ఇద్దరిద్దరు పందెం వేసుకునేవారు, దాన్ని డ్రాగ్ రేసింగ్ అంటారు అని చెప్పాను. పావు మైలయ్యాక ఏం చేస్తారన్నాడు. ఆపేస్తారన్నాను. నా మొహం కాసేపు చూసి, పెద్దమనిషి ఫంక్షన్ ఫ్లెక్సీ అర్జెంటని గుర్తు చేసి వెళ్లిపోయాడు.

నాకు కారు లేదు. డ్రైవింగ్ రాదు. నా స్ప్లెండరు టెక్కలి దాటితే అదే పెద్ద ప్రయాణం. కానీ విల్లీస్ సైలెన్సర్ గొట్టాలు చక్రం మీది ఫెండర్ కింద నుంచి ఏ వంపులో బయటికొస్తాయో కళ్లు మూసుకుని చెప్పగలను. పాత చార్జరు వైరు చీల్చి స్పార్క్ ప్లగ్గుల తీగలు చేస్తాను. ఇంజెక్షన్ సూదులు కోసి పెట్రోలు పైపులు చేస్తాను. ఇది విద్యో పిచ్చో నాకు తెలీదు. నా భార్య గ్లోరీకి తెలుసు.

ఆన్‌లైన్ గ్రూపులో పాత డ్రాగ్ కార్ల పోటీ. నవంబరు పదికల్లా ఫొటోలు పెట్టాలి. ఇండియా నుంచి నేనొక్కణ్నే. రంగు కుదిరితే చాలు.


అక్టోబరు 8

రంగు కుదరలేదు. కింద బంగారం మెరవాలి, పైన బెల్లం పాకం పోసినట్టుండాలి. ఆ రోజుల్లో క్యాండీ బ్రౌన్ అనేవారు. ప్లాస్టిక్ చెంచాల మీద అన్నీ ట్రై చేశాను. ఒకటి ఇటుకలా వచ్చింది, ఒకటి దగ్గు మందులా వచ్చింది. గ్లోరీ చెంచాల కోసం వెతుక్కుని నా బల్ల మీద దొరికితే ఏమీ అనలేదు. అనకపోతే ఇంకా భయం.


అక్టోబరు 9

రంగు ఇంట్లోనే ఉంది. అత్త వేళ్ల మీద.

అత్త అంటే గ్లోరీ తల్లి, జీవరత్నమ్మ. మామ పోయిన దగ్గర్నుంచి మాతోనే ఉంటోంది. జీడి ఫ్యాక్టరీలో కటింగుకి వెళ్తుంది. పిక్క పగలగొడుతుంటే పెంకులోంచి జీడి నూనె కారుతుంది. చర్మానికి తగిలితే బొబ్బలే. ఆముదం రాసుకుని కూర్చున్నా వేళ్లు నల్లగా, అంచుల్లో ఎర్రటి గోధుమ రంగుగా ఉంటాయి. సాయంత్రం ఇంటికి రాగానే బూడిద పెట్టి మోచేతుల దాకా తోముకుంటుంది, స్నానం చేస్తుంది, ఆ చీర వేరే బకెట్లో పడేస్తుంది. అప్పుడు గాని మా కృపని ముట్టుకోదు. కృపకి ఐదేళ్లు. గేటు దగ్గరికి పరుగెత్తుకుని వెళ్తే అత్త రెండు చేతులూ పైకెత్తి నిలబడుతుంది, పోలీసులకి దొరికిపోయినట్టు. అది చూసి కృప రోజూ నవ్వుతుంది. పాప పుట్టినప్పటి నుంచి అత్త ఈ పద్ధతి ఒక్కరోజు తప్పలేదు.

ఉద్దానంలో ఇదే నూనె తలుపులకీ పడవలకీ పూస్తారు. చెద పట్టదు. పల్చగా పూసిన చోట అచ్చం నాకు కావలసిన రంగు.

చిన్న సీసాడు తెచ్చిపెట్టమని అత్తని అడిగాను. వెనక తలుపు ద్వారబంధానికి అన్నాను. కారుకి అంటే గ్లోరీ దాకా వెళ్తుంది, అంత గొడవెందుకని. సరే బాబూ అంది. పూసిన తలుపు బాగా ఆరేదాకా కృపని అటు పోనివ్వద్దని మాత్రం గట్టిగా చెప్పింది.


అక్టోబరు 12, ఆదివారం

మొదటి పూత. బంగారు రంగు మీద టర్పెంటైన్ కలిపిన జీడి నూనె, ఎయిర్‌బ్రష్‌తో. గ్లవ్స్, మాస్కు అన్నీ వేసుకున్నాను. డాబా మీద ఎండలో పెట్టి, అటూ ఇటూ తిప్పి చూశాను. అమెరికాలో ఎవడి దగ్గరా లేని రంగు ఇది. ముప్ఫై ఆరేళ్లొచ్చాయి, ఒక పని చూసుకుని ఇంత సంతోషపడటం ఇదే మొదటిసారేమో.

కృప బల్ల దగ్గర మునివేళ్ల మీద నిలబడి చూస్తోంది. కారు ముట్టుకుంటే వీపు చీరేస్తానన్నాను. ఎప్పుడూ అనే మాటే. ఠక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. బుద్ధిమంతురాలు.


అక్టోబరు 18

మూడో పూత. కారు తలుపు మీద స్టిక్కరు కూడా వేశాను, షాపు కట్టర్‌లో కోసి: ఉద్దానం ఎక్స్‌ప్రెస్. ఆ రోజుల్లో ప్రతి కారుకీ ఒక పేరు ఉండేది.

మబ్బు పట్టింది.


అక్టోబరు 22

వాన. తుపాను అంటున్నారు. ఉప్పు డబ్బాలో నీరు చేరింది. కరెంటు లేదు, బల్బు పెట్టెలో ఆరబెట్టడానికి లేదు. గాలి తగులుతుందని విల్లీస్‌ని కిటికీలో పెట్టాను. గ్లవ్స్ వేసుకుని ముట్టుకుంటే ఏమీ అంటలేదు. ఆరినట్టే.


అక్టోబరు 24, శుక్రవారం, ఉదయం

కృప లేవగానే కుడి బుగ్గ ఎర్రగా పొంగి ఉంది. కుడి చేతి వేళ్ల మీద నీటి బొబ్బలు. పలాసలో పుట్టిన ఎవరికీ డాక్టరు చెప్పక్కర్లేదు, అది జీడి.

గ్లోరీ పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, ఎవరు ముట్టుకున్నారమ్మా అని అడిగింది. కృప నా వైపు చూసింది. తర్వాత నేల వైపు చూసింది. అమ్మమ్మ అంది.

గ్లోరీ స్కూల్లో టీచరు, ఎప్పుడూ గొంతు పెంచదు. ఇవాళ వాళ్లమ్మని అన్న మాటలు నేను రాయలేను. ఆ పని మానెయ్యమని ఎన్నిసార్లు చెప్పానంది. ఆ చేతులతో నా పిల్లని ఇక ముట్టుకోవద్దంది. అత్త మొదట, నేను కడుక్కునే ఎత్తుకున్నానమ్మా అంది. తర్వాత కృప మొహం చూసింది. మాట మార్చేసింది.

"నా సెయ్యే తగిలుంటాదమ్మా. నిన్న తొందర్లో సరిగ్గా తోముకోనేదు."

నేను నోట్లో బ్రష్షు పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. అప్పటికి నేనూ నమ్మాను. ఈ మాట రాసుకోవాలి. అప్పటికి నేనూ నమ్మాను.


మధ్యాహ్నం

భోజనానికి వచ్చాను. కిటికీలో కారు కొంచెం పక్కకి తిరిగి ఉంది. టాప్ మీద ఒక వేలిముద్ర. శనగ గింజంత వేలు. ఫెండర్ పొడవునా మెరుపు పోయి, మెత్తగా ఏదో రాసుకున్న జాడ.

బుగ్గకి ఆనించుకుని నడిపింది. సబ్బు పెట్టెనీ నా ఫోన్‌నీ కూడా అలాగే నడుపుతుంది, ఝుయ్ అనుకుంటూ, చేతి మీద నుంచి బుగ్గ మీదకి.

పక్క గదిలో గ్లోరీ పిల్లకి మందు రాస్తోంది. పిల్ల ఏడుపు వినిపిస్తోంది. అత్త వీధి అరుగు మీద కూర్చుని ఉంది, ఫ్యాక్టరీకి వెళ్లలేదు. నేను అక్కడే నిలబడ్డాను. తర్వాత కారు బల్బు పెట్టెలో పెట్టి, మూత వేసి, అన్నం తినకుండా షాపుకి వెళ్లిపోయాను.


అక్టోబరు 25

చెప్పలేదు.


అక్టోబరు 27

బల్బు వేడికి పూత గట్టిపడింది. రెండు వేల నంబరు ఎమరీ పేపరు తడిపి టాప్ రుద్దాను. ఫెండరూ రుద్దాను. వేలిముద్ర పోయింది. పైన మామూలు క్లియర్ వార్నిష్ కొట్టేశాను, ఇక ఎవరు ముట్టుకున్నా ఏమీ కాదు.

ఫినిష్ పాడైంది కాబట్టి రుద్దాను, దాచడానికి కాదు అనుకున్నాను. ఎంతసేపు అనుకున్నా నాకే నమ్మకం కుదరలేదు.


అక్టోబరు 30

కృప బుగ్గ నయమవుతోంది. మచ్చ పడదన్నారు డాక్టరు గారు. స్తోత్రం.

అత్త మళ్లీ పనిలోకి వెళ్తోంది. సాయంత్రం వచ్చి ఎప్పటి కంటే ఎక్కువసేపు తోముకుంటుంది. తర్వాత అరుగు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. కృప జడ గ్లోరీయే వేస్తోంది. కృప దగ్గరికి వెళ్తే అత్త, దూరం తల్లీ, దూరం అంటుంది. కృప ఏడవదు. అదే నాకు బాధగా ఉంది. తను చెప్పిన అబద్ధం వల్లేనని దానికి తెలుసు. ఐదేళ్ల పిల్లకి.

ఇవాళ చెబుదామని వంటింట్లోకి వెళ్లాను. పప్పులో ఉప్పు చూడమంది గ్లోరీ. చూసి, సరిపోయిందని చెప్పి వచ్చేశాను.


నవంబరు 2, ఆదివారం

నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. ఎవరి పట్లయినా తప్పు చేసినవాళ్లు సరిచేసుకునే వరకూ బల్లలో చెయ్యి వెయ్యకూడదని పాస్టరు గారు ప్రతి నెలా చెప్పే మాటే చెప్పారు. మా చర్చిలో ఎవరు వెయ్యలేదో అందరూ చూస్తారు. చూడనట్టే చూస్తారు.

ఆడవాళ్ల వైపు పళ్లెం అత్త దాకా వచ్చింది. అత్త తీసుకోలేదు. పక్కావిడకి అందించి తల దించుకుంది. నాకు తెలిసి ఆమె బల్ల మానడం ఇదే మొదటిసారి. మామ పోయిన నెలలో కూడా మానలేదు.

నా దగ్గరికి పళ్లెం వచ్చింది. తీసుకోకపోతే గ్లోరీ చూస్తుంది. చూస్తే అడుగుతుంది.

తీసుకున్నాను. నమిలాను. మింగాను.

చర్చి బయటికి రాగానే కృప వాళ్ల అమ్మమ్మని అడిగింది, నువ్వెందుకు రొట్టె తినలేదని. తప్పు సేసినోళ్లు తినకూడదమ్మా అంది అత్త. నేను బండి స్టార్ట్ చేస్తూ విన్నాను. నాలుగుసార్లు కిక్ కొడితే గాని స్టార్ట్ కాలేదు.


నవంబరు 4

అత్త పూండి వెళ్లిపోయింది, తన చెల్లెలు విజయకుమారి ఇంటికి. అక్కడా జీడి పని దొరుకుతుందట. గ్లోరీ వద్దనలేదు. వద్దనాలని దానికి ఉంది, నాకు తెలుసు, కాని మాట అనేసింది కదా, వెనక్కి తీసుకోవడం రాలేదు. బస్సు టైముకి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

వెళ్లొస్తాను బాబూ అని అత్త నాకు చెప్పింది. చెప్పి, పెరటి వైపు చూసింది. వెనక తలుపు ద్వారబంధం వైపు. దానికి ఏ పూతా లేదు. తెల్లగా, పాత కర్రలా అలాగే ఉంది.

సంచి నేను అందుకోబోతే ఇవ్వలేదు.


నవంబరు 10

ఫొటోలు పెట్టాను. ఇంత అయ్యాక పెట్టకపోతే మరీ వృథా అనిపించింది.


నవంబరు 13

మొదటి స్థానం.

ఒక ముసలాయన ఒహాయో నుంచి రాశాడు. చిన్నప్పుడు వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని ఇలాంటి రంగు కారు పరుగెత్తడం చూశాడట, ఇన్నేళ్ల తర్వాత మళ్లీ చూశానన్నాడు. ఈ రంగు ఎలా చేశావన్నాడు. ఇక్కడి చెట్టు నూనె అని రాశాను. తర్వాత ఇంకో మాట చేర్చాను, ఫ్యామిలీ రెసిపీ అని. నవ్వు బొమ్మ కూడా పెట్టాను.

సిగ్గులేదు నాకు.


నవంబరు 15

ఢిల్లేశ్వరరావుకి తెలిసిపోయింది. ఫ్లెక్సీ వేద్దాం బావా అన్నాడు. వద్దన్నాను. మొహమాటం అనుకున్నాడు. అంతర్జాతీయ పోటీలో ప్రథమ స్థానం సాధించిన మన పలాస ముద్దుబిడ్డ జయకర్‌కి శుభాకాంక్షలు. డిజైను ఎవరు చెయ్యాలి, నేనే. నా ఫొటో నేనే కట్ చేసుకున్నాను. కారు పెద్దది చెయ్యమన్నాడు. పదడుగుల విల్లీస్ చేశాను. ప్రింటు మిషన్లోంచి టాప్ భాగం కొంచెం కొంచెంగా బయటికి వస్తుంటే, వేలిముద్ర ఉండిపోయిందేమోనని వంగి చూశాను.

కాశీబుగ్గ సెంటర్లో కట్టారు. పూండి బస్సులు దాని కిందనుంచే తిరుగుతాయి.


నవంబరు 18

ఇది రాయకూడదు. రాస్తున్నాను.

సాయంత్రం కృప నా దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. డాడీ, నేను కారు ముట్టుకున్నాను, కొడతావా అంది. గ్లోరీ బజారుకి వెళ్లింది, ఇంట్లో మేమిద్దరమే. ఇన్నాళ్లు లోపల పెట్టుకుని, అమ్మ లేని టైము చూసుకుని వచ్చి చెప్పింది. నేను దాన్ని దగ్గరికి తీసుకోవాలి. నీ తప్పు కాదమ్మా అనాలి.

కొట్టనులే, ఎవరికీ చెప్పకు అన్నాను.

తల ఊపి వెళ్లిపోయింది. ఎంత తేలిగ్గా ఒప్పుకుందో.


నవంబరు 22, శనివారం

పూండి వెళ్లాను. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే ప్యాసింజరు లేటు, స్టేషన్ నుంచి ఆటో. విజయకుమారమ్మ పనికి వెళ్లింది. అత్త ఒక్కతే పెరట్లో కొబ్బరి మట్టలు కట్ట కడుతోంది. నన్ను చూసి చెయ్యి కడుక్కోవడానికి లేచింది. ఇక్కడి బోరు నీళ్లు మీరు తాగొద్దు బాబూ అని పక్కింటి వాళ్లచేత బొండం కొట్టించింది. అల్లుడికి స్టూలు వేసి తను నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

బొండం చేతిలో పట్టుకునే చెప్పాను. నూనె కారుకి పూశానని, కృప ఆ కారు ముట్టుకుందని, వేలిముద్ర రుద్దేశానని.

"తెలుసు బాబూ. తలుపు నల్లబడనేదు గదా."

మరి మీ చెయ్యని ఎందుకన్నారని అడిగాను. నా మర్యాద కాపాడటానికని అంటుందనుకున్నాను. అల్లుడి పరువు కోసం తల దించుకుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. అందులో నాకు కాస్త గొప్ప కూడా ఉందేమో, ఇప్పుడు ఆలోచిస్తే.

"సిన్న గుంట మీకేసి సూసినాది బాబూ. కొడతారని బయపడిపోనాది. నానేటి సేత్తాను మరి?"

నా కోసం కాదు. నా నుంచి పిల్లని కాపాడటానికి.

బల్ల ఎందుకు మానేశారని కూడా అడిగాను. అబద్ధమాడాను కదా, ఆ నోటితో ఎలా తింటానంది. గ్లోరీకి తను ఎప్పటికీ చెప్పదట, చెప్పాలో లేదో నా ఇష్టమట. పిల్లకి మాత్రం నేనంటే భయం పోయేలా చూసుకోమంది. అంతకంటే ఏమీ అడగలేదు. ఆటో దాకా వచ్చి సాగనంపింది. మొన్న బస్సులో కాశీబుగ్గ వచ్చినప్పుడు ఫ్లెక్సీ చూసిందట, ఫొటోలో నేను బాగున్నానని చెప్పింది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే చెప్పింది.


నవంబరు 23, ఆదివారం

అమ్మ ఎలా ఉందని గ్లోరీ అడిగింది. కూర తరుగుతూ, నా వైపు చూడకుండా. బాగుందన్నాను.


నవంబరు 29

విల్లీస్‌ని కృపకి ఇచ్చాను. ఆడుకో అన్నాను. తీసుకోలేదు. చేతులు వెనకే ఉన్నాయి. బల్ల మీద పెట్టి నేను గది బయటికి వెళ్లి చూశాను. అది దాని చుట్టూ తిరిగి వెళ్లిపోయింది, కుక్క పడుకున్న చోటుని తప్పించుకుని వెళ్లినట్టు.

ఇచ్చేస్తే సరిపోతుందనుకున్నాను. ఎంత చవగ్గా బయటపడదామనుకున్నానో.


డిసెంబరు 3

వెనక తలుపుకి జీడి నూనె పూశాను. మిగిలింది మొత్తం. గ్లోరీ చూసి, ఇప్పుడెందుకు ఇదంతా అంది. చెద పడుతోందన్నాను.

ఇంకో అబద్ధం.


డిసెంబరు 7, ఆదివారం

ప్రభువు బల్ల. పళ్లెం వచ్చింది. తీసుకోకుండా పక్కాయనకి అందించాను.

కృప నా ఒళ్లో ఉంది. నువ్వేం తప్పు చేశావు డాడీ అంది. చర్చిలో ఎవరూ మాట్లాడని సమయం అది.

చెప్పాను. కృపకే చెప్పాను, ఆడవాళ్ల వైపు వినిపించేలా. నూనె నాది, కారు నాది, అమ్మమ్మ చెయ్యి కాదు, నువ్వూ కాదు అని.

అటు గ్లోరీ చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది.

మరి నిన్నెవరు కొడతారు అని కృప అడిగింది.